ఆకుపచ్చ అతుకు

మంగళవారం పొద్దున, పనికి ముందు అందరిచేతా చేయించే కసరత్తు పాట ఆగేసరికి పదిహేడో నంబరు అతుకు ఎర్రబడి ఉంది.

క్యాంటీన్ గోడకు బిగించిన పెద్ద తెర మీద ఎప్పుడూ జాకెట్ బొమ్మ నిలబడి ఉంటుంది. నడిసముద్రంలో గాలిమరను మోసే నాలుగు కాళ్ళ ఉక్కు చట్రాన్ని యార్డులో జాకెట్ అంటారు. కాళ్ళూ, వాటి మధ్య అడ్డగొట్టాలూ కలిసే ప్రతిచోటా తెర మీద ఒక చుక్క. పని కాకపోతే బూడిదరంగు, అయి పరీక్ష నెగ్గితే ఆకుపచ్చ. ఈ జాకెట్ మొదలుపెట్టాక ఎరుపు పడడం ఇదే మొదటిసారి. చుక్క పక్కన వెల్డర్ పేరు ఉండాల్సిన గడిలో 'సహకార సంస్థ-7' అని ఉంది.

సహకార సంస్థ-7 అంటే తక్ మేస్త్రి కింద కాంట్రాక్టు మీద పనిచేసే పద్నాలుగు మంది. తెల్ల హెల్మెట్ల వాళ్ళు అసలు కంపెనీ మనుషులు, వాళ్ళ అతుకుల పక్కన పేర్లుంటాయి. కాంట్రాక్టు వాళ్ళవి నీలం హెల్మెట్లు, వాళ్ళ అతుకుల పక్కన సంస్థ అంకె ఉంటుంది. అయినా పదిహేడో నంబరు ఎవరిదో అక్కడ నిలబడ్డ వందమందిలో తెలియనివాళ్ళు లేరు. మూడు గొట్టాలు కలిసే ఆ ఇరుకు మూలలోకి దూరి, మెడ వెనక్కి విరుచుకుని, తలపైన చెయ్యి వణక్కుండా వెల్డింగ్ చెయ్యగలిగింది ఓక్ మల్‌సున్ ఒక్కతే.

"అక్కా, నీ ముద్దులబిడ్డకి జ్వరమొచ్చింది చూడు," అన్నాడు తక్ మేస్త్రి, కాగితం కప్పులో కాఫీ తిప్పుకుంటూ.

మల్‌సున్ తెర వంక చూసింది. చేతి తొడుగులు ఒకదాని తర్వాత ఒకటి విప్పి చంకలో పెట్టుకుంది. యాభై నాలుగేళ్ళ మనిషి, పొట్టి. మెడ మీద నిప్పురవ్వలు పడ్డ మచ్చలు నువ్వులు చల్లినట్టుంటాయి.

"శబ్దపరీక్ష పాసయింది కదా?"

"అయింది. శబ్దం లోపలికి పంపి చూస్తే చిన్న లోపమైనా లేదట. మీటరు రికార్డే మధ్యలో తెగిందంటున్నారు."

అప్పటికే మేంగ్ మేనేజరు వాళ్ళ దగ్గరికి వస్తున్నాడు. ఆయన వెనకాలే ట్యాబ్ గుండెకు హత్తుకుని ప్యో జియున్. ఈ కొత్త పద్ధతిని యార్డులోకి తెచ్చింది ఆ అమ్మాయే. ఇప్పుడు ప్రతి అతుక్కీ ఒక చీటీ, ప్రతి మిషన్‌కీ ఒక మీటరు. వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ కరెంటు ఎంత, వోల్టేజీ ఎంత, మంట ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది, అన్నీ వాటంతటవే నమోదై సముద్రాల అవతల ఉన్న కొనుగోలుదారుకు కూడా కనిపిస్తాయి.

"మొదటి పొరలో పదకొండు నిమిషాలు ఖాళీ ఉంది," అన్నాడు మేంగ్. "ఐదు దాటితే అతుకు చెల్లదు. తవ్వి మళ్ళీ వెయ్యాలి."

"ఖాళీ కాదండీ, నేనే ఆపాను. ఆ పూట సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. ఉక్కు చల్లారిపోతోంది. చల్లారిన ఉక్కు మీద వేస్తే తర్వాతెప్పుడో లోపల పగులుతుంది. మంట పెట్టి మళ్ళీ వేడెక్కించి అప్పుడు మొదలెట్టాను."

"అది ఎక్కడ రాసుంది?"

"రాయడానికి నాకు చోటెక్కడిచ్చారండీ?"

ఎత్తిపొడుపుగా అనలేదామె. నిజంగానే అడిగింది. నీలం హెల్మెట్ల వాళ్ళు పని మొదలెట్టేటప్పుడూ ముగించేటప్పుడూ సంస్థ కార్డును ట్యాబ్‌కు ఆనిస్తారు, అంతే. అందులో ఒక్క ముక్క రాయాలంటే అసలు కంపెనీ ఉద్యోగి నంబరుండాలి. మేంగ్ తక్ మేస్త్రి వైపు తిరిగాడు. గురువారం తవ్వకం మొదలవ్వాలి, వచ్చే మంగళవారానికి జాకెట్‌ను మోసుకెళ్ళే బార్జీ వస్తోంది అని చెప్పి వెళ్ళిపోయాడు. జియున్ ఒకసారి వెనక్కి తిరిగి తెర వంక చూసి, ఆయన వెంటే నడిచింది.

మధ్యాహ్నం పంది ఎముకల పులుసులో అన్నం కలుపుకుంటూ తక్ మేస్త్రి గొంతు తగ్గించాడు.

"ఓ మార్గం కుదిర్చాను. 'మిషన్ మరమ్మతు' అని కారణం రాస్తే ఆ పదకొండు నిమిషాలూ సర్దుకుపోతాయట. మేంగ్ గారు ఊ అన్నాడు. ఆ ఆఫీసమ్మాయి టైపు చేసేస్తుంది. తవ్వకం ఉండదు, తలనొప్పి ఉండదు."

"నా మిషన్‌కేం రోగం?"

"అబ్బా, రోగముందని ఎవరన్నారు? రాయడానికి."

"రాస్తే ఆ మిషన్లు చూసే మనిషి ఏమైపోవాలి? వారం కిందటే శుభ్రంగా విప్పి బిగించి ఇచ్చాడు. రేపు ఎవడో ఇది చదివి అతన్ని పట్టుకుంటే?" మల్‌సున్ ముల్లంగి ముక్క కొరికి నమిలింది. "ఆపింది నేను. నేను ఆపానని రాయమను."

"నువ్వని రాయడానికి నువ్వెక్కడున్నావే అందులో!" విసుక్కున్నాడు తక్. అన్నాక తనే కాస్త తగ్గాడు. "పులుసు తాగక్కా, చల్లారిపోతోంది."

బుధవారం పదింటికి మల్‌సున్ మూడో అంతస్తు పరంజా మీద ఇరవై రెండో అతుకు మీద పేరుకున్న చిట్టెం సుత్తితో కొడుతోంది. కింద నిచ్చెన కిర్రుమంది. చాలాసేపు కిర్రుమంటూనే ఉంది. చివరికి ఒక తెల్ల హెల్మెట్, దాని కింద పాలిపోయిన మొహం పైకొచ్చాయి.

"నడుం తాడు తగిలించుకున్నావా?" మల్‌సున్ మొదటిమాట అదే.

"తగిలించాను."

"ఎక్కడికి?"

జియున్ చూసుకుంది. కొక్కెం తన బెల్టుకే తగిలించి ఉంది. మల్‌సున్ సుత్తి కింద పెట్టి, వచ్చి, ఆ కొక్కేన్ని పరంజా గొట్టానికి మార్చింది.

"ఇప్పుడు పడ్డా వేలాడతావు. చెప్పు, ఏం పని మీదొచ్చావు?"

"నిన్న మేంగ్ గారు ఆ మరమ్మతు మాట రాయమన్నారు. నేను రాయలేదు," అంది జియున్ ఊపిరి పీల్చుకుంటూ. "అలా రాయడానికి కాదు నేనీ పద్ధతి పెట్టింది. కానీ ఏం రాయాలో కూడా నాకు తెలీలేదు. పదిహేడో నంబరు ఒకసారి చూపిస్తారా?"

ఇద్దరూ ఇంకో అంతస్తు ఎక్కారు. మల్‌సున్ గొట్టాల మధ్యకు వంగి లైటు వేసింది. అతుకు చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సమంగా ఒదిగి మెరిసింది. దానికి జానెడు దూరంలో ఉక్కు మీద సుద్దతో చిన్న చిన్న అక్షరాలు. '10:42 గాలి. 10:45 – 82. 10:53 – 118. మళ్ళీ.'

"ఇదేంటి?"

"ఆపినప్పుడల్లా రాసుకుంటాను. ఎప్పుడాపాను, వేడి ఎంతకు పడింది, ఎంతకు తెచ్చాను. మర్చిపోతాం కదా."

జియున్ ట్యాబ్ తెరిచి పదిహేడో నంబరు గీతను పెద్దది చేసింది. మంట ఆరిన సమయం పది నలభై రెండు. మళ్ళీ వెలిగింది పది యాభై మూడు. రెండుసార్లు చూసింది. సుద్ద అక్షరాల ఫొటో తీసుకుంది. తర్వాత పక్క అతుకు దగ్గరికి వంగి చూసింది. అక్కడా సుద్ద. దాని పక్కదాని మీదా ఉంది, వేరే చేతిరాత.

"మా వాళ్ళందరికీ ఇదే అలవాటు చేశాను," అంది మల్‌సున్. "రంగేసేటప్పుడు పోతుందనుకో."

"ఇది మీ గీతండీ," అంటూ జియున్ ట్యాబ్‌ను ఆమె వైపు తిప్పింది. "మొదటి పొర. ఎడమ నుంచి కుడికి."

మల్‌సున్ ఎనిమిది నెలలుగా ఆ పలకకు కార్డు ఆనిస్తోంది గానీ దాని లోపలికి ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కళ్ళద్దాలు తీసి కాలర్ కింది బట్టతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. తెర మీద నీలంగీత కాస్త కాస్త వణుకుతూ సాగిపోతోంది.

"ఇది నా చెయ్యా?"

"మీ చెయ్యే."

చాలాసేపు చూసింది. తర్వాత వేలు గీతకు తగలకుండా గాల్లోనే కదిపింది. "ఇక్కడ మోకాలు మార్చుకున్నాను. ఇదిగో, ఇక్కడ తుమ్మాను."

జియున్ నవ్వేసింది. "తుమ్ము ఎలా తెలుస్తుంది?"

"తెలీకేం? చెయ్యి ఎగిరింది, మంట పొడుగైంది. తుమ్మాక కాస్త సిగ్గుపడి నెమ్మదించాను చూడు."

జియున్ పేర్లూ నంబర్లూ కనబడకుండా వేలితో మూసి ఇంకో గీత తీసింది. "మరి ఇదెవరిది?"

"ఇది తక్ మేస్త్రి. మనిషి ఎంత తొందరో చెయ్యీ అంతే తొందర. చివర్లో ఇంటికెళ్ళిపోయే గుర్రంలా ఎలా పరిగెట్టాడో చూడు."

ఇంకోటి. "ఇది మా జట్టులో వియత్నాం తమ్ముడిది. నాకన్నా నున్నగా వేస్తాడు. ఆ మాట వాడికి చెప్పకు, నెత్తికెక్కుతాడు." మరోటి. "ఇది మీ తెల్ల హెల్మెట్ల వాళ్ళలో ఎవరిదో. బాగుంది. ఎడమచేతి వాటం మనిషి."

మూడూ నిజమే. జియున్ మొహంలో పాలిపోవడం ఎప్పుడు పోయిందో పోయింది. పిల్లలు పొడుపుకథలు వేసినట్టు ఒకదాని వెంట ఒకటి తీస్తూ పోయింది. ఏడో ఎనిమిదో గీత దగ్గర మల్‌సున్ తెర మీదికి వంగింది.

"తెలియలేదా?"

"ఇంకొంచెం పెద్దది చెయ్యి."

జియున్ చేసింది. సాఫీగా పోతున్న గీతలో ఒకచోట, అరచెయ్యంత మేర, సన్న గీతలు వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని లేచి మళ్ళీ పడుకున్నాయి. ముందూ వెనకా ఏ తేడా లేదు.

"ఇదెవరిది?" అడిగింది మల్‌సున్. తెలిసే అడిగిందని జియున్‌కు ఆ గొంతుతోనే అర్థమైంది.

"మీదే. తొమ్మిదో నంబరు, మూడో పొర. ఆకుపచ్చే కదండీ. హద్దులు దాటలేదు. శబ్దపరీక్షా పాసే."

మల్‌సున్ తల ఊపింది. "పనుంది, ఇరవై రెండు సగంలో ఉంది," అని కిందికి దిగింది.

మూడింటి టీ వేళ ఆమె క్యాంటీన్ వైపు వెళ్ళలేదు. తొమ్మిదో నంబరు దగ్గరికెళ్ళి కూర్చుంది. ఆ రోజేం జరిగిందో వెతుక్కుంటోంది. గాలికి అడ్డంగా పరదా కట్టింది. నాలుగు మూలలూ కట్టిందా? అప్పుడు కింద పెద్ద క్రేను తిరుగుతోంది, దాని హారన్ మోగుతూనే ఉంది. వెల్డింగ్ మంట చక్కగా ఉన్నప్పుడు బాణలిలో నూనె సన్నగా చిటపటలాడినట్టుంటుంది. గాలి దూరి మంట చుట్టూ కాపుండే గ్యాస్‌ను చెదరగొడితే ఆ చప్పుడు పొడిబారుతుంది. ఆ మార్పు ఆమె చెవి దాటిపోయినట్టు ఇన్నేళ్ళలో గుర్తులేదు. ఆ రోజు హారన్ గోలలో దాటిపోయింది. ఈ పలక మాత్రం విన్నది.

తొడుగు విప్పి అరచెయ్యి అతుకు మీద ఆనించింది. చల్లగా, నున్నగా ఉంది. తప్పేమీ లేని అతుకు కూడా అలాగే ఉంటుంది. పైన ఇంకా తొమ్మిది పొరలున్నాయి. లోపల ఏముందో చేతికి తెలియదు.

గురువారం పొద్దున కసరత్తుకు ముందే ఆఫీసు తలుపు తట్టింది. మేంగ్, జియున్, తక్ మేస్త్రి పదిహేడో నంబరు తవ్వకం గురించే మాట్లాడుకుంటున్నారు. జియున్ ముందు సుద్ద అక్షరాల ఫొటోలు పరిచి ఉన్నాయి.

"సుద్ద ఎప్పుడైనా రాయొచ్చమ్మా," అంటున్నాడు మేంగ్. "ఆ రోజు రాసినా నిన్న సాయంత్రం రాసినా ఒకేలా ఉంటుంది. కొనేవాళ్ళు నమ్మాలి కదా."

"తొమ్మిదో నంబరు తెరవాలండీ," అంది మల్‌సున్ తలుపు దగ్గరి నుంచే.

ముగ్గురూ తిరిగి చూశారు.

"తొమ్మిది ఆకుపచ్చ," అన్నాడు మేంగ్.

"అవును. లోపల గాలి దూరింది. మూడో పొరలో, అడుగు వైపు. నేను వేసిందే."

తక్ మేస్త్రి లేచి ఆమెను జబ్బ పట్టుకుని వరండాలోకి లాగినంత పని చేశాడు. "నీకు మతిగానీ పోయిందా అక్కా? ఒకటి ఎర్రబడితేనే చస్తున్నాం. పాసైనదాన్ని పట్టుకుని పాడైందంటే, నువ్వేసినవి ఇరవై ఉన్నాయి, ఇరవైనీ అనుమానిస్తారు. డిసెంబరులో మన కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. పద్నాలుగు మందిమి ఉన్నాం!"

"తెలుసు."

"శబ్దపరీక్షకే దొరకలేదు. నీకెట్లా దొరికింది?"

"సన్న చిల్లులు దానికి దొరకవు, నీకూ తెలుసు." ఆమె జబ్బ విడిపించుకుంది. "నేను చూడకపోతే వేరే సంగతి మేస్త్రీ. చూసేశాను. ఇక అది సముద్రంలో పాతికేళ్ళు అలల దెబ్బలు తింటుంటే ఇక్కడ నాకు అన్నమెట్లా దిగుతుంది?"

తక్ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. లోపలి నుంచి మేంగ్ పిలిచాడు. అరచెయ్యంత మేర మాత్రమే, మధ్యాహ్నంలోపు, తవ్వేది నువ్వే అన్నాడు. ఆయన మొహంలో కోపం కన్నా అయోమయమే ఎక్కువ ఉంది. తన పని పాడు చెయ్యమని అడిగినవాళ్ళను ఆయన ఇంతకుముందు చూసి ఉండడు.

కార్బన్ కడ్డీతో ఉక్కును కరిగించి ఊదేస్తుంటే యార్డంతా రంపం కోసినట్టు చప్పుడు. మల్‌సున్ ఒక్కొక్క పొరే తీసింది. తీసిన ప్రతిసారీ ఆపి, గ్రైండర్‌తో నున్నగా చేసి, లైటు వేసి చూసింది. పై పొరల్లో ఏమీ లేదు. ఆరోదానిలో ఏమీ లేదు. నాలుగోది తీశాక కూడా ఉక్కు అద్దంలా ఉంది. పరంజా మీద నిలబడ్డ తక్ మేస్త్రి "చాలించక్కా" అన్నట్టు చెయ్యి ఊపాడు. మేంగ్ వాచీ చూసుకున్నాడు. జియున్ మాత్రం ఆమె భుజం వెనక నుంచి కదల్లేదు.

మూడో పొర. గ్రైండర్ ఆగింది. మల్‌సున్ ముసుగు పైకెత్తి, వేలితో పొడి తుడిచి, పక్కకు జరిగి చోటిచ్చింది.

చీమలు తొలిచినట్టు చిల్లులు. గుండుసూది మొనంత ఒక్కొక్కటి, ఇరవై ముప్పై దాకా, ఒకే వరసలో, గీత మీద వెంట్రుకలు లేచినంత మేర.

మేంగ్ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. చేతిలో దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకెక్కడైనా?"

"జియున్ గారిని నావి మొదటి అతుకు నుంచి అన్నీ చూపించమనండి. ఉంటే చెప్తాను."

"మరి పదిహేడు?"

"అది బాగుంది."

మంగళవారం 'నేనే ఆపాను' అన్నప్పుడు కూడా ఆమె గొంతు ఇదే. మేంగ్ మళ్ళీ ఆ చిల్లుల వంక చూశాడు.

"సరే. పదిహేడు తవ్వొద్దు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచి జియున్, మల్‌సున్ క్యాంటీన్ మూల బల్ల దగ్గర కూర్చుని గీతలు చదివారు. మల్‌సున్‌వి అయ్యాక మిగతావాళ్ళవి. ఒక తెల్ల హెల్మెట్ వెల్డర్ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు, తర్వాత ఇంకొకరు. "ఇక్కడ నేను ఏం చేశానంటావు పిన్నీ?" అని ఎవరో అడిగితే "నువ్వు ఫోను చూసుకున్నావు" అంది మల్‌సున్. అందరూ ఘొల్లుమన్నారు. అతను మాత్రం నవ్వలేదు, నిజమే కాబట్టి. ఇంకే అతుకులోనూ అలాంటి వెంట్రుకలు కనబడలేదు. 'ఇలా లేస్తే ఆగి చూడు' అన్న హెచ్చరికను జియున్ ఆ రెండు రోజుల్లోనే ట్యాబ్‌లో కలిపింది.

శనివారం పొద్దున కొనుగోలుదారు నుంచి ఉత్తరం వచ్చింది. మేంగ్ దాన్ని రెండుసార్లు చదివి జియున్‌కు ఇచ్చాడు. తొమ్మిదో నంబరు మరమ్మతుకు ఒప్పుకున్నారు. పదిహేడో నంబరుకు వెల్డర్ వివరణ జతచెయ్యమన్నారు. కింద ఒక ప్రశ్న ఉంది. 'పరీక్ష నెగ్గిన అతుకులో లోపం ఉందని గుర్తించింది ఎవరు? మీ రికార్డులో సహకార సంస్థ-7 అని ఉంది. అది మనిషి పేరు కాదు కదా.'

మేంగ్ కిటికీలోంచి యార్డు వైపు చూశాడు. నీలం హెల్మెట్లు, తెల్ల హెల్మెట్లు పరంజాల మీద ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి.

"నీలం హెల్మెట్ల వాళ్ళకు ఒక్కొక్కరికీ నంబరివ్వాలంటే ఎంతసేపు పడుతుంది నీకు?" అడిగాడు.

"మొదటిరోజే చేసిపెట్టాను సార్," అంది జియున్. "మీరు సంతకం పెట్టలేదు."

తొమ్మిదో నంబరు చివరి పొర పదకొండున్నరకు పూర్తయింది. ఈసారి పరదా నాలుగు మూలలూ మల్‌సున్ తనే కట్టి, మధ్యలోనూ రెండు ముళ్ళు వేసింది. ముసుగు తీసి చెమట తుడుచుకుంటుండగా నిచ్చెన కిర్రుమంది. ఈసారి ఎక్కువసేపు కిర్రుమనలేదు. జియున్ పైకొచ్చి, కొక్కేన్ని గొట్టానికి తగిలించి, ట్యాబ్ ఆమె ఒడిలో పెట్టింది.

"పిన్ని గారూ, ఇక్కడ మీ కార్డు ఆనించండి. సంస్థది కాదు, ఇది." కొత్త కార్డు. నీలం హెల్మెట్‌తో మల్‌సున్ ఫొటో, కింద పేరు.

ఆనించింది. గడి తెరుచుకుంది. 'తొమ్మిదో అతుకు. మరమ్మతుకు కారణం.' దాని కింద, రాయాల్సిన చోట, నిలువుగీత మినుకుమినుకుమంటూ ఎదురుచూస్తోంది.

"ఏం రాయాలి?"

"'వాతావరణ ప్రభావం' అంటే సరిపోతుంది. అందరూ అలాగే రాస్తారు. పదిహేడోది తర్వాత రాద్దాం."

మల్‌సున్ కుడిచేతి తొడుగు పళ్ళతో లాగి తీసింది. చూపుడువేలు మొనకు కాలి గట్టిపడ్డ చర్మం. తెర మొదట ఆ వేలిని గుర్తుపట్టలేదు. చొక్కాకు రుద్దుకుని మళ్ళీ నొక్కింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పుపడితే చెరుపుకుంటూ రాసింది. కింద తక్ మేస్త్రి క్రేను మనిషితో ఏదో వాదిస్తున్నాడు. సముద్రం మీద గస్తీ పడవ ఒకటి వెళ్ళిపోయింది. జియున్ తొందరపెట్టలేదు.

'పరదా ఒక మూల కట్టలేదు. గాలి దూరింది. చప్పుడు మారింది, నేను వినలేదు.'

అక్కడ ఆగి, చదువుకుని, ఖరారు బొత్తాం నొక్కింది. రాసినదాని కింద నల్లటి అక్షరాలు వాటంతటవే వచ్చి నిలిచాయి: వెల్డర్ ఓక్ మల్‌సున్.

జియున్ ఆ పేరు వైపు వేలు చూపింది. "మీ పేరు మొదటిసారి పడింది పిన్నీ," అంది నెమ్మదిగా. "పడక పడక తప్పు కింద పడింది. దీన్నింక చెరపడానికి కుదరదు. ఆ జాకెట్ నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ ఉంటుంది."

"ఉండనీ," అంది మల్‌సున్, తొడుగు వేసుకుంటూ. "రేపు సముద్రంలో తనిఖీకి దిగేవాడు ముందు ఈ అతుకునే చూడాలి కదా." ముసుగు తీసుకుని లేచింది. "పద, పదిహేడోది కూడా రాసేద్దాం."